నాన్న దాచిన వెండి రూపాయలు, స్టాంపులు: ఆన్‌లైన్ వేలంలో అమ్మాలంటే ఎలా?

జనగామ_చిన్నోడు:
అందరికీ నమస్కారం. నాన్న పోయి ఎనిమిది నెలలవుతోంది. స్కూల్లో సోషల్ చెప్పేవారు. మొన్న అటక మీది సామాను దించుతుంటే ఒక రేకు డబ్బా దొరికింది. లోపల పాత పంచె గుడ్డలో మూటగట్టి 43 వెండి రూపాయలున్నాయి. 31 వాటి మీద చార్మినార్ ఉంది, మిగతా 12 ఇంగ్లండు రాజులవి. ఒక స్టాంపుల ఆల్బమ్, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోట్లు నాలుగు కూడా ఉన్నాయి.

మా చెల్లి నర్సింగ్ రెండో సంవత్సరం. జూన్‌లో ఫీజు 65 వేలు కట్టాలి. అప్పు చేయకుండా వీటిలో కొన్ని అమ్మి కడదామని అమ్మా నేనూ అనుకున్నాం. ఊళ్లో బంగారం కొట్టుకు తీసుకెళ్తే తూకం వేసి వెండి రేటు లెక్కగట్టాడు, అందులో మళ్లీ తరుగు తీశాడు. యూట్యూబ్‌లో చూస్తే ట్రాక్టర్ నోటుకే లక్షలొస్తాయంటున్నారు. ఆన్‌లైన్‌లో వేలం పెట్టమని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజంగా అలా అమ్మినవాళ్లు ఉంటే దారి చెప్పండి.

సిద్దిపేట_టీచరమ్మ:
తమ్ముడూ, ముందు ఆ వీడియో కింద ఉన్న నంబర్‌కు ఫోన్ చేయకు. ఇదొక్కటీ వింటే చాలు.

మా చిన్నాన్న దగ్గర 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయల బిళ్ల ఉంది. దానికి పది లక్షలిస్తామని ఫోన్‌లో ఒకడు నమ్మించాడు. రిజిస్ట్రేషన్ అని 2,500 కట్టించుకున్నాడు. తర్వాత జీఎస్టీ అని 12,000. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు క్లియరెన్స్ అని ఏదో లెటర్ వాట్సాప్‌లో పంపి ఇంకో 18,000. నాలుగోసారి అడిగినప్పుడు చిన్నాన్న మాకు చెప్పాడు. అప్పటికే 32,500 పోయాయి. ఆయన ఆ నెల మందులు కూడా సగమే తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది.

2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా చార్జీలు, కమిషన్లు అడగమని, తమ తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. కొనేవాడు డబ్బిస్తాడు, మనల్ని అడగడు. ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

హాలీసిక్కా:
టీచరమ్మ గారికి కృతజ్ఞతలు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిదైంది.

బాబూ, నేను ముప్ఫై ఏళ్లుగా నిజాం నాణేలు సేకరిస్తున్నాను. ట్రాక్టర్ నోట్లు కోట్లలో ముద్రించారు, ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటి మీద ఆశ పెట్టుకోకు. నీ దగ్గరున్న సంపద ఆ వెండి రూపాయలే. మా పెద్దవాళ్లు చార్మినార్ రూపాయిని హాలీ అని, ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అని అనేవారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు లెక్క.

ఒక హాలీ రూపాయి తీసి చార్మినార్ గుమ్మంలోకి చూడు. చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. 'ఐన్' అయితే ఉస్మాన్ అలీఖాన్ కాలం, 'మీమ్' అయితే ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ కాలం. ఉర్దూ అంకెల్లో హిజ్రీ సంవత్సరం కూడా ఉంటుంది. 1337 అని ఉంటే మన లెక్కలో 1918-19. సరైన హాలీ రూపాయి 11.17 గ్రాములు తూగుతుంది, అందులో అసలు వెండి దాదాపు 9.1 గ్రాములు. వంటింటి త్రాసు పనికిరాదు, రెండు దశాంశాలు చూపించే చిన్న త్రాసు కావాలి. తూకం తక్కువొచ్చినవి పక్కన పెట్టు. పోత నాణేలు, అంటే అచ్చులో పోసిన నకిలీలు, చాలా తిరుగుతున్నాయి.

ఇక చట్టం. పురావస్తువులు, కళానిధుల చట్టం 1972 ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని మన దేశం నుంచి బయటికి పంపకూడదు. పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఇక్కడే అమ్మినా, దాన్ని వ్యాపారంగా చేయాలంటే లైసెన్స్ ఉండాలి. ఉస్మాన్ అలీఖాన్ వెండి రూపాయలు ఎక్కువగా హిజ్రీ 1330 నుంచి 1343 మధ్యవి, అంటే 1925 దాకా. నీ 31 కూడా దాదాపుగా నూరేళ్ల గీత దాటినవే అయ్యుంటాయి. అందుకని హాలీలను నువ్వు సొంతంగా వెబ్‌సైట్‌లో పెట్టకు. లైసెన్స్ ఉన్న వేలం సంస్థకు అప్పజెప్పు. ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్ లాంటివి ఉన్నాయి. వాళ్ల వేలాలకు ఆన్‌లైన్‌లోనూ పాడతారు. కాకపోతే వస్తువు ఇచ్చిన తర్వాత వేలం జరిగి డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది.

కల్దార్ల మీద రాజు ఎవరో, సంవత్సరం ఏదో రాసి పెట్టు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. దేన్నీ తోమకు.

జనగామ_చిన్నోడు:
అన్నా, మీ మెసేజ్ చదివేసరికి గుండె జారింది. పోయిన శుక్రవారం అమ్మ దీపం దగ్గర పెడదామంటే ఐదు రూపాయలు చింతపండుతో తోమాను. తళతళ మెరుస్తున్నాయి. పాడైపోయినట్టేనా?

హాలీసిక్కా:
తళతళ మెరవడమే చిక్కు. వందేళ్లలో వెండి మీద సన్నని నల్లటి పొర ఏర్పడుతుంది. అంచుల్లో, అక్షరాల మధ్య అది ముదురుగా నిలుస్తుంది. మేము నాణెం కొనేముందు చూసేది దాన్నే. చింతపండు పులుపుకు ఆ పొర పోతుంది, పీచు రాపిడికి సన్న గీతలు పడతాయి. దీపం ముందు పెట్టి కాస్త వంచి చూడు, ఒకే దిక్కుకు వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. సేకరించేవాడికి అవే ముందు కనబడతాయి.

బాధపడకు, ఆ ఐదూ అమ్మ దగ్గరే ఉంచు. లక్ష్మీపూజకు అంతకన్నా మంచివి దొరకవు. మిగతా 38 జాగ్రత్త. అంచులు పట్టుకునే తియ్యి, ముఖం మీద వేలు పెట్టకు.

జనగామ_చిన్నోడు:
సరే అన్నా. కల్దార్ల లిస్టు ఇది. ఐదో జార్జివి మూడు: 1911, 1916, 1919. ఆరో జార్జివి తొమ్మిది: 1940 నుంచి 1945 దాకా ఏడాదికి ఒకటి, పైన 1942వి ఇంకో మూడు.

హాలీసిక్కా:
1911 ఉందా! అది ఒక కథ ఉన్న రూపాయి. దాని మీద రాజుగారి అంగీపై ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనబడిందని గోల పుట్టి, చలామణీ నుంచి ఉపసంహరించి చాలావాటిని కరిగించారు. తర్వాతి ఏడాది ఏనుగును సరిచేశారు. మేము దాన్ని పంది రూపాయి అంటాం. అది, 1916, 1919 మూడూ నూరేళ్లు దాటినవే, వాటినీ హాలీలతో కలిపి సంస్థకే ఇవ్వు.

ఆరో జార్జి తొమ్మిదీ నువ్వే అమ్ముకోవచ్చు. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గించారు. కాబట్టి బంగారం కొట్టులో వాటికి మరీ తక్కువ చెబుతాడు. వేలంలో సంవత్సరాల వరస పూర్తిగా ఉందంటే సెట్టుగా కొనేవాళ్లుంటారు. 1940 నుంచి 45 దాకా ఆరూ ఒక లాట్‌గా, అంటే ఒకే పాటకు కలిపి పెట్టు, మిగిలిన మూడు 1942లు ఇంకో లాట్.

ఎడిసన్_తెలుగు:
నేను న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాను. పదకొండేళ్లుగా ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో వేలం పెట్టి అమ్ముతున్నాను, ఎక్కువగా పాత కెమెరాలు, లెన్సులు. ఇండియాలో చట్టాల సంగతి హాలీసిక్కా గారికే తెలుసు. వేలం ఎలా నడుస్తుందో నేను చెబుతాను, ఎందుకంటే మొదటి ఏడాది అది అర్థంకాక నేను చాలా పోగొట్టుకున్నాను.

బాలాపూర్ లడ్డూ గుర్తుందా? 1994లో మొదటి పాట 450 రూపాయలకు పోయింది. 2025లో 35 లక్షలు. లడ్డూ రుచి మారలేదు. చివరిదాకా తగ్గని వాళ్లు ఇద్దరుంటేనే పాట అలా ఎక్కుతుంది. ఆన్‌లైన్ వేలంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఈబేలో మీరు ఎంతదాకా వెళ్లగలరో ఆ గరిష్ఠం ముందే రాసేస్తారు. అది ఎవరికీ కనబడదు. సైటే మీ తరఫున కొద్దికొద్దిగా పెంచుతుంది. ఒకాయన 5,000 దాకా సిద్ధం, రెండో ఆయన 1,200 దాకానే సిద్ధం అనుకోండి. వస్తువు 1,200 మీద ఒక మెట్టు ఎక్కి ఆగుతుంది. 5,000 మీ చేతికి రాదు. రెండో మనిషి ఎంత గట్టివాడో అదే మీ ధర. రెండో మనిషే లేకపోతే మీరు పెట్టిన మొదటి ధరకే పోతుంది.

అందుకని నేను ఏ వస్తువు పెట్టేముందైనా 'అమ్ముడైనవి' అనే ఫిల్టర్ నొక్కి గత మూడు నెలల్లో అదే వస్తువు ఎంతకు పోయిందో చూస్తాను. అమ్మేవాళ్లు రాసుకున్న ధర చూడొద్దు, ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. కొన్నవాళ్లు కట్టిన ధర చూడండి.

ఇంకో సంగతి. ఈబే 1995లో మొదలైనప్పుడు మొదట అమ్ముడైన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్, 14 డాలర్ల 83 సెంట్లకు. పాడైందని చెప్పే అమ్మారు. కొన్నాయనకు పాడైనవే కావాలట. నేను ఇది రోజూ గుర్తుచేసుకుంటాను. గ్యారేజ్ సేల్‌లో తెచ్చిన ఒక కెమెరాకు వెనక తలుపు చుట్టూ ఉండే నల్ల స్పాంజి కరిగి జిగురైంది. తలుపు తీసి ఆ జిగురును అగ్గిపుల్లతో చూపిస్తూ ఫొటో పెట్టాను. బాగుచేసేవాళ్లు ముగ్గురు పోటీపడ్డారు. అదే జిగురు దాచిన ఇంకో కెమెరా, నా మొదటి ఏడాదిది, వెనక్కి వచ్చింది. రానూ పోనూ షిప్పింగ్ నా మీదే పడింది, ప్రొఫైల్‌లో ఎర్ర మార్కు ఏడాది పాటు ఉండిపోయింది.

నిజామాబాద్_పసుపు:
మాది పసుపు. యార్డులో ఈ-నామ్ అనే సర్కారు ఆన్‌లైన్ మార్కెట్ వచ్చాక వ్యాపారులు ఫోన్‌లోనే ధర కోట్ చేస్తున్నారు. అయినా పొద్దున్నే వచ్చి కుప్పలో చెయ్యి పెట్టి కొమ్ము విరిచి చూసే వెళ్తారు. తడి ఉందా, లోపల రంగెలా ఉంది అని. చూడని సరుకుకు ఎవరూ మంచి రేటు పాడరు తమ్ముడూ. నీ ఫొటోనే వాళ్లకు ఆ విరిచిన కొమ్ము.

జనగామ_చిన్నోడు:
ఈ మాట రాసి పెట్టుకున్నా అన్నా. ఇంతకీ ఈబే మన దగ్గర ఉందా లేదా? కొందరు మూతపడిందంటారు.

ఎడిసన్_తెలుగు:
రెండు మాటలూ నిజమే. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని ఈబే ఇండియాలోకి వచ్చింది. 2017లో ఆ వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టులో ఇండియా సైటు మూసేశారు. కానీ ఇండియా నుంచి విదేశాల వాళ్లకు అమ్మడం ఇప్పటికీ నడుస్తోంది. మీ వస్తువులకు అది అక్కర్లేదు, కొనేవాళ్లు మన దేశంలోనే ఉన్నారు.

పెడన_అచ్చు:
నేను విదేశాలకు అమ్ముతాను కాబట్టి నా అనుభవం రాస్తున్నా. మాది మచిలీపట్నం పక్కన పెడన. కలంకారీ అద్దకం మా ఇంటి పని. 2019లో టేబుల్ క్లాత్‌లు, దుప్పట్లు వేలానికి పెట్టాను. ఐదు డాలర్లతో మొదలుపెడితే జనం ఎగబడతారని ఎవరో చెప్పారు. మొదటి దుప్పటి ఐదున్నర డాలర్లకు పోయింది. ఆ గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, అచ్చు అద్ది, రంగులో ఉడికించి, కాలువ నీళ్లలో ఉతికి తెచ్చేసరికి ఎన్ని రోజులు పడుతుందో ఇక్కడివాళ్లకు తెలుసు. ఆ రోజు రాత్రి మా ఆయన, నేను అన్నం ముందు పెట్టుకుని ఏమీ మాట్లాడుకోలేదు.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. అదే డిజైన్ దుప్పట్లు ఆ సైటులో వందలున్నాయి. ఒకటి చేజారితే ఇంకోటి దొరుకుతుంది, ఇంక పోటీ ఎందుకు పడతారు? అప్పటినుంచి కొత్త గుడ్డలన్నీ ఖరారు ధరకే పెడుతున్నా. వేలం జోలికి పోను.

ఒక్కదానికి మాత్రం వేలమే పెడతా. అరిగిపోయిన టేకు అచ్చులు. మా వీధి చివర అచ్చులు చెక్కే తాతగారు ఉండేవారు, ఆయన పోయాక వాళ్ల ఇంట్లో మూల పడి ఉన్నాయి. నేను పెట్టిన మొదటిది మామిడిపిందె అచ్చు. ఒక అంచు పగిలింది, సందుల్లో ఎర్ర రంగు రాయిలా గట్టిపడింది, వెనక పిడి చెయ్యి పట్టిన చోట నున్నగా లోపలికి అరిగిపోయింది. ఆ అరిగిన చోటును దగ్గరగా ఫొటో తీసి పెట్టాను. 12 డాలర్లతో మొదలై 86 దగ్గర ఆగింది. అలాంటిది ఇంకోటి లేదు కాబట్టి ఇద్దరూ వదల్లేదు. వచ్చిన దాంట్లో పోస్టు ఖర్చు, సైటు కమిషన్ పోను మిగిలింది తాతగారి భార్యకే ఇస్తాను. ఆమె అవసరానికి ఇచ్చిన పనిముట్లవి, వాటి మీద నేను లాభం వేసుకోలేను.

విదేశాలకు పంపాలనుకునేవాళ్లకు: ఎగుమతి చేసేవాళ్లకు ఇచ్చే ఐఈసీ నంబర్ కావాలి, ఫీజు 500, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. మా పోస్టాఫీసులో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం, అంటే తపాలా ఎగుమతి కేంద్రం ఉంది, కస్టమ్స్ కాగితాలు అక్కడే పూర్తవుతాయి. డబ్బు నాకు పేయోనీర్ అనే విదేశీ చెల్లింపుల సర్వీసు ద్వారా వస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు తీసేసినప్పుడు మన తపాలా శాఖ అక్కడికి బుకింగ్ ఆపేసింది. పాట ముగిసిన నాలుగు అచ్చులు ఇంట్లోనే ఉండిపోయాయి. కొన్నవాళ్లకు రోజు విడిచి రోజు మెసేజ్ పెట్టేదాన్ని. అక్టోబర్‌లో మళ్లీ మొదలైంది, సుంకం ఇక్కడే ముందు కట్టి పంపాలి. నలుగురిలో ముగ్గురు ఆగారు. ఆగినందుకు వాళ్లకు తలా ఒక అద్దకం రుమాలు కలిపి పంపాను.

తపాలా_తాతయ్య:
నేను విజయవాడలో ఆర్‌ఎంఎస్ (రైల్వే మెయిల్ సర్వీస్) సార్టింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. నాయనా, నీ ఆల్బమ్‌లో గాంధీగారి స్టాంపులున్నాయా? 1948 ఆగస్టు 15న వచ్చినవి నాలుగు: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. 'బాపు' అని హిందీలో, ఉర్దూలో ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో ముద్రించారు. పది రూపాయలది ఉంటే ఎగిరి గంతేయకు, దానికి దొంగ కాపీలు విపరీతం. మంచి భూతద్దం కింద పెట్టు. అసలుదానిలో ఛాయ మెత్తగా, ఒకే తీరు సన్నని జల్లెడలా కనబడుతుంది. నకిలీలో వార్తాపత్రిక ఫొటోలా రంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి.

ఇంకో ప్రశ్న. ఇంట్లో పాత ఉత్తరాల కవర్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే స్టాంపులు ఊడదీయకు, చింపకు, టేపు వేయకు. హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి అక్కడ భారత స్టాంపులే వచ్చాయి. ఆ ముందూ వెనకల కవర్ల మీద ఊరి ముద్ర గుండ్రంగా, తేదీతో సహా చదవగలిగేలా పడి ఉంటే దానికి ప్రత్యేకంగా సేకరించేవాళ్లున్నారు.

జనగామ_చిన్నోడు:
తాతయ్యగారూ, మీరడిగాక వెతికాను. అదే అటక మీద తాత రాసిన ఉత్తరాల కట్ట దొరికింది! ఆయన కాజీపేట రైల్వేలో పనిచేసేవారు, నానమ్మ జనగామలో. 1946 నుంచి 1951 దాకా కవర్లు 17 ఉన్నాయి. వీటిని చెత్తలో వేద్దామని అనుకున్నాం మొన్న.

గాంధీ స్టాంపులు నాలుగూ ఉన్నాయి. పది రూపాయలది భూతద్దంలో చూస్తే మీరన్నట్టే విడివిడి చుక్కలు. నాన్న అది అసలుదే అనుకుని పారదర్శక కాగితంలో చుట్టి పెట్టుకున్నారు. మిగతా మూడు బాగానే ఉన్నాయి.

తపాలా_తాతయ్య:
చుక్కలున్నది అమ్మకు. 'నకిలీ' అని వెనకున్న కాగితం మీద రాసి ఆల్బమ్‌లోనే ఉంచు, రేపు ఇంకెవరి చేతిలోనైనా పడినా మోసపోకుండా.

కవర్లు మంచి సరుకు. ఒక్కో కవరు ఒక్కో లాట్. ముందువైపు, వెనకవైపు రెండూ స్కాన్ చేయి, వెనక చేరిన ఊరి ముద్ర ఉంటుంది. లోపలి ఉత్తరం మాత్రం తీసి ఉంచుకో.

జనగామ_చిన్నోడు:
మొదటి ధర ఎంత పెట్టాలి? ఇదే టెన్షన్.

ఎడిసన్_తెలుగు:
నా లెక్కలో రూపాయి నుంచి మొదలుపెట్టు. తక్కువ కనబడితే చాలామంది చెయ్యి వేస్తారు. ఒకసారి చెయ్యి వేసినవాడు రోజూ వచ్చి చూస్తాడు. ముగింపు ఆదివారం రాత్రి తొమ్మిది, పది మధ్య పెట్టు.

హాలీసిక్కా:
ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. అమెరికాలో కెమెరా చూసేవాళ్లు వేలల్లో ఉంటారు. ఆరో జార్జి రూపాయి కోసం మన దగ్గర ఒక గ్రూప్‌లో వచ్చేది ఇరవై మంది. వర్షం పడి కరెంటు పోయిన రాత్రి ఐదుగురే వస్తారు. నాణేలకు ఆ రోజు వెండి విలువే మొదటి ధర. అంతకన్నా తగ్గితే కరిగించేవాళ్లు ఎత్తుకుపోతారు. కవర్లకు 100 పెట్టొచ్చు, వాటికి కరిగే విలువ ఏమీ లేదు.

మా వాట్సాప్ గ్రూప్ పద్ధతి చెబుతాను. ఫొటో, మొదటి ధర, మెట్టు 50, ముగింపు రాత్రి పది. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే ఇంకో ఐదు నిమిషాలు పొడిగిస్తాం. దీనివల్ల చివరి సెకనులో దొంగచాటుగా కొట్టేసే పని ఉండదు. నీ మనిషితో నువ్వే పాట పెంచించడం మాత్రం ఎప్పుడూ చేయకు. ఒకసారి తెలిస్తే ఈ చిన్న ప్రపంచంలో నీ వస్తువు ఎవరూ ముట్టుకోరు.

ఎడిసన్_తెలుగు:
కొనేవాళ్లు తక్కువున్న చోట మీ మాటే సరైనది. రూపాయి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తపాలా_తాతయ్య:
పంపడం గురించి. డబ్బు ఖాతాలో పడ్డాకే పార్సిల్. నాణేన్ని హోల్డర్‌లో, అంటే దాన్ని పట్టి ఉంచే చిన్న తొడుగులో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య అంటించు. చెవి దగ్గర ఊపితే గలగల రాకూడదు, వచ్చిందంటే లోపల ఏముందో అందరికీ చెప్పినట్టే. రిజిస్టర్డ్ పోస్ట్‌ను 2025లో స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు, కాబట్టి స్పీడ్ పోస్టే. నాణేలకు ఇన్సూరెన్స్ తప్పనిసరిగా చేయించు. కట్టేటప్పుడు ఫోన్‌లో వీడియో తియ్యి. రసీదు పారేయకు.

జనగామ_చిన్నోడు:
నాలుగు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నా. ఆలస్యానికి క్షమించండి.

హాలీసిక్కా అన్న వాళ్ల గ్రూప్‌లో చేర్చారు. ఆరో జార్జి ఆరు రూపాయల సెట్టు 11,200కు పోయింది, మూడు 1942లు 4,350కి. గాంధీ చిన్న స్టాంపులు మూడూ కలిపి 900. ఫొటోలు కిటికీ దగ్గర పొద్దున ఎనిమిదింటికి తీశాను. 1944 రూపాయి అంచున చిన్న దెబ్బ ఉంటే దాని చుట్టూ గీత గీసి చూపించాను. కొన్నాయన అదే చూసి ధైర్యంగా పాడానని ఫోన్ చేసి చెప్పారు.

కవర్ల సంగతి చెప్పాలి. 17లో 12 అమ్మాను. చాలావరకు 600కీ 2,000కీ మధ్య పోయాయి. 1949 నవంబర్ కవరు ఒకటుంది, సాదాగా, ఒక మూల నూనె మరక. 100తో మొదలైంది. తొమ్మిదిన్నరకు 850. ఇక అయిపోయిందనుకుని అన్నం తింటున్నాను. చెల్లి ఫోన్ చూస్తూ "అన్నా, ఆగట్లేదు" అంది. ఒకాయన సికింద్రాబాద్, రైల్వే తపాలా ముద్రలు సేకరిస్తారు. ఇంకొకాయనది జనగామ పక్కనే, మన జిల్లా ముద్రలు మాత్రమే సేకరిస్తారు. ముందువైపు రైలు ముద్ర, వెనకవైపు జనగామ ముద్ర, రెండూ ఆ కవరు మీదే ఉన్నాయి. ఐదు నిమిషాలు, ఐదు నిమిషాలు అంటూ పది గంటల యాభై దాకా నడిచింది. చెయ్యి ఎండిపోయింది, కడుక్కోలేదు. 4,150కి జనగామ ఆయనకే దక్కింది. మర్నాడు పొద్దున బైక్ మీద ఇంటికొచ్చి తీసుకెళ్లారు. నాన్న దగ్గర చదువుకున్నారట ఆయన. కాసేపు అమ్మతో కూర్చున్నారు.

ఒక కవరు 2,600కు పాడినాయన తర్వాత ఫోన్ ఎత్తలేదు. మూడు రోజులు చూసి, గ్రూప్ అడ్మిన్‌కు చెప్పి, రెండో ఆయనకు 2,500కు ఇచ్చాను. కవర్లన్నీ కలిపి 19,700.

మొత్తం 36,150 వచ్చాయి. హోల్డర్లు, పోస్టు, ఇన్సూరెన్స్ 1,480 పోను చేతిలో 34,670. కాలేజీలో రెండు విడతలకు ఒప్పుకున్నారు, మొదటి విడత కట్టేశాం.

హాలీలు 20, పంది రూపాయి, ఇంకో రెండు కల్దార్లు లైసెన్స్ ఉన్న సంస్థకు ఇచ్చాను. ప్రతి నాణేనికీ తూకం, ఫొటోతో రసీదు తీసుకున్నాను. వేలం దసరా దాటాకట.

సిద్దిపేట_టీచరమ్మ:
చదువుతుంటే కళ్లు చెమర్చాయి తమ్ముడూ. చెల్లిని బాగా చదవమను. ఇంట్లో మిగిల్చిన కవర్లు ఐదేనా?

హాలీసిక్కా:
రసీదులో కనీస ధర రాయించావా? రాయించకపోతే రేపే ఫోన్ చేసి రాయించు. ఆ ధరకు రాకపోతే నాణెం నీకు తిరిగి రావాలి, వాళ్లకు ఇవ్వాల్సిన చార్జీ ఏమైనా ఉంటుందా అని కూడా అడుగు.

జనగామ_చిన్నోడు:
రాయించలేదు అన్నా. పొద్దున్నే చేస్తాను.

టీచరమ్మ గారూ, ఐదే ఉంచాం. ఉత్తరాలు మాత్రం పదిహేడూ ఇంట్లోనే ఉన్నాయి. నానమ్మకు చదువు రాదు, పోస్ట్‌మాన్ చదివి వినిపించేవాడట. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చెల్లి చదువుతోంది, అమ్మ వింటోంది. నిన్న తొమ్మిదోది అయింది. అందులో తాత, జీతంలో నాలుగు హాలీలు మిగిలాయి, పంపుతున్నాను, ఖర్చు పెట్టకుండా దాచు అని రాశారు.